ఏప్రిల్‌లో మారథాన్, మార్చిలో 10కె: పరుగెత్తొచ్చా?

అందరికీ నమస్కారం. మాది కోవూరు. లండన్ వచ్చి ఐదు నెలలు. ఏప్రిల్ చివరి ఆదివారం మారథాన్ (42 కి.మీ. పరుగు) ఉంది. మార్చి చివరి ఆదివారం ఇంటి దగ్గర్లో 10కె అనే 10 కి.మీ. పందేనికి డబ్బు కట్టేశాను, తీరా చూస్తే మారథాన్ శిక్షణ ప్లానులో ఆ రోజే 30 కి.మీ. లాంగ్ రన్. 10కె గట్టిగా పరుగెత్తాలా, మెల్లగా పోవాలా, మానేయాలా? వారానికి 50 కి.మీ. దాకా అవుతోంది.

కావలి అన్న:
మానొద్దు తమ్ముడూ. నాలుగు వారాల ముందంటే సరైన చోటే పడింది. రెండు వారాల ముందైతే నేనే వద్దనేవాణ్ణి, కాళ్లు తేరుకోవు. గట్టిగానే పరుగెత్తు. కాకపోతే 30 కి.మీ.ని తెచ్చి అదే రోజుకి అతికించొద్దు. వార్మప్ 3, పందెం 10, ఆ తర్వాత నిదానంగా 5, మొత్తం 18 చాలు. 30ని తర్వాతి ఆదివారానికి జరుపు. అదే నీ చివరి పెద్ద పరుగు, ఆపైన టేపరే, అంటే పందెం దాకా పరుగు తగ్గించుకుంటూ పోవడమే.

10కెకి ముందొచ్చే మంగళవారం ఇంటర్వల్స్ (నడుమ ఆగి ఆగి చేసే వేగం పరుగులు) సగం చెయ్యి. మామూలుగా 800 మీటర్లు ఆరు వేస్తుంటే మూడు చాలు. శుక్రవారం సెలవు. శనివారం తేలిగ్గా 4 కి.మీ., చివర్లో 20 సెకన్ల స్ట్రైడ్స్ (వేగం పెంచే చిన్న పరుగులు) నాలుగు.

మనవాళ్లని ముంచేది మొదటి కిలోమీటరే. 10కె 50 నిమిషాల్లో కొట్టాలంటే కిలోమీటరుకి 5:00 నిమిషాలు. గుంపుతో పాటు 4:35లో లేస్తారు, అప్పుడు ఏమీ తెలవదు. నాలుగో కిలోమీటరు దగ్గర ఊపిరి అందక 5:20కి జారిపోతారు. మొదటిది 5:05, ఆణ్ణుంచి ఏడు దాకా 5:00, మిగతా మూడూ ఉన్నదంతా పెట్టెయ్. ఎత్తు బిల్డింగుల మధ్య వాచీలో జీపీఎస్ తప్పుద్ది, కిలోమీటరు కిలోమీటరుకీ దానంతటదే టైము పట్టే ఆటో ల్యాప్ ఆపేసి కిలోమీటరు బోర్డు దగ్గర ల్యాప్ బటన్ చేత్తో నొక్కు.

ఒంగోలు అక్క:
పరుగు సంగతి అన్న చెప్పాడు. నువ్వు అడక్కపోయినా బనీనుకి గుచ్చుకునే పందెం నంబరు సంగతి నేను చెప్తా, కొత్తగా వచ్చినవాళ్లు దెబ్బతినేది ఈడే. ఏ కారణం చేతైనా పోలేకపోతే నీ నంబరు ఇంకొకరికి ఇవ్వొద్దు. మన జిల్లా పిల్లోడొకడు మడమ నొప్పని తన నంబరు రూమ్మేటుకి ఇచ్చాడు. ఆ అబ్బాయి ఎనిమిదో కిలోమీటరులో కళ్లు తిరిగి పడ్డాడు. మెడికల్ టెంట్ వాళ్లు నంబరు కొట్టి చూస్తే పేరు, మందులు, ఇంటి ఫోను అన్నీ మనవాడివే వచ్చాయి. ఊళ్లో ఉన్న తల్లికి ఫోను పోయింది, నీ కొడుకు పడిపోయాడని. కొడుకేమో రూములో మంచమ్మీద ఉన్నాడు. పడిపోయిన అబ్బాయికి ఆస్తమా ఉందని టెంటులో ఒక్కరికీ తెలవలా. మరుసటేడు ఇద్దర్నీ రానివ్వలా. కొన్ని పందేల్లో పేరు మార్చుకునే వీలుంటుంది, గడువు మాత్రం ముందే అయిపోద్ది. ఇప్పుడే చూసి పెట్టుకో.

నంబరు వెనక సన్నటి స్పాంజి పట్టీ ఉంటే అదే నీ టైము పట్టే చిప్పు. దాన్ని మడవొద్దు, పిన్నుతో పొడవొద్దు, మీద జాకెట్టు కప్పొద్దు. నాలుగు మూలలా నాలుగు పిన్నులు, బనీను ఒంటిమీద ఉండగానే పెట్టుకో. పరిచి పెట్టి గుచ్చితే తొడిగాక గుడ్డ లాగి చినుగుద్ది. నంబరు వెనక నీ వివరాలు రాసే గడులు బాల్‌పెన్నుతో నింపు, జెల్ పెన్ను వానకి కారిపోద్ది. ఫోను నంబరు నెల్లూరిది కాదు, ఈ ఊళ్లో ఎత్తే మనిషిది రాయి.

లండన్ మారథానే అయితే నంబరు నువ్వే పోయి, పాస్‌పోర్టు లాంటి ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించి, ముందురోజుల్లోనే తెచ్చుకోవాలి. ఇంకొకరిని పంపితే ఇవ్వరు, పందెం పొద్దున అసలే ఇవ్వరు.

గూడూరు మామ:
అబ్బయ్యా, 10కె వల్ల అసలు లాభం మారథాన్ లెక్క తేలడం. వచ్చిన టైముని 4.6తో గుణించు. 50 నిమిషాలైతే 230, అంటే 3 గంటల 50 నిమిషాలు. పీటర్ రీగెల్ అనే ఇంజనీరు 1977లో ఇచ్చిన సూత్రం ఇది, ఇప్పటికీ నిలబడుతోంది.

కావలి అన్న:
మామా, గౌరవంగానే అడ్డం చెప్తున్నా. ఆ సూత్రం రెండు దూరాలకీ సమంగా తయారైన కాళ్లకి. వారానికి 50 కి.మీ. వాళ్లకి 30 దాటాక కాళ్లు బరువెక్కుతాయి. 3:50 వస్తే 4:05కి ప్లాను వేసుకోవాలి. 3:50 అని బయల్దేరితే చివరి పది నడకే.

గూడూరు మామ:
పదిహేను నిమిషాలు కలపడం ఎక్కువ. పది చాలు. ఇంకోటి, పందెం అయ్యాక, అందులో పరుగెత్తిన మైలుకొక రోజు చొప్పున తేలిక పరుగులే చెయ్యాలి. 10కె అంటే ఆరు మైళ్ల చిల్లర, కాబట్టి ఆరు రోజులు. ఏడో రోజు నువ్వు చెప్పిన 30. నడుమ ఇంటర్వల్స్ పెడితే పిక్క పట్టేస్తది.

కావలి అన్న:
ఆరు రోజుల మాట ఒప్పుకుంటా. పదిహేను మాత్రం తగ్గించను.

కనిగిరి వదిన:
వాళ్ల లెక్కలు వాళ్లవి, నువ్వు తిండి సంగతి విను. గంట లోపు పరుగుకి జెల్లు (పరుగులో మింగే చక్కెర పేస్టు) అవసరం లేదు, ఒంట్లో ఉన్నదే సరిపోద్ది. అయినా మారథాన్ పొద్దున ఏం తినబోతావో అదే 10కె రోజు కూడా మూడు గంటల ముందు తిను, కడుపు ఒప్పుకుంటుందో లేదో ఇప్పుడే తెలవాలి. ముందురాత్రి చేపల పులుసు, గోంగూర వద్దు. ఆ కారం, పులుపు పొద్దున్నే తిప్పుతాయి. తెల్లన్నం, పలచటి పప్పు, ఉప్పేసిన పెరుగు చాలు.

మైపాడు బీచ్‌లో పరుగెత్తిన ఒళ్లు ఈ చలికి మూడు పొరలు అడుగుద్ది. ఇవ్వొద్దు. నిలబడితే కొంచెం వణుకు పుట్టే బట్టే పరుగుకి సరైన బట్ట. పల్చటి ఫుల్ చేతుల బనీను, చేతులకి గ్లౌజులు. లైన్లో నిలబడే పావుగంటకి పెద్ద బిన్ బ్యాగుకి మూడు చిల్లులు కోసి తొడుక్కో.

ఒంగోలు అక్క:
తేదీ ఇప్పుడే మళ్లీ చూశా. మార్చి చివరి ఆదివారం అంటే ఈడ గడియారాలు మారే రోజు. రాత్రి 1 గంట కాస్తా 2 అవుద్ది, నీకు గంట నిద్ర పోద్ది. ఫోను దానంతటదే మారుద్ది, గోడ గడియారం, ఓవెన్ మీద టైము మారవు. గురువారం నుంచే రోజూ ఇరవై నిమిషాలు ముందు పడుకో. మొదటి రైలు ఎన్నింటికో శనివారం రాత్రే చూసుకో, ఆదివారం మామూలు టైములు ఉండవు.