ఎంఎస్‌కి ఐఈఎల్‌టీఎస్ చాలా, సీ1 అడ్వాన్స్‌డ్ రాయించాలా?

పాలకొల్లు నాన్న: మా అమ్మాయి భీమవరంలో బీటెక్ ఆఖరి సంవత్సరం అండి. ఎంఎస్‌కి విదేశం వెళ్తానంటోంది. కోచింగ్ వాళ్లు ఇంగ్లీషు పరీక్షకి ఐఈఎల్‌టీఎస్ చాలంటున్నారు. కాలేజీ మేడమ్ మాత్రం కేంబ్రిడ్జి వాళ్ల సీ1 అడ్వాన్స్‌డ్ రాయమన్నారట, ఆ సర్టిఫికెట్‌కి గడువు ఉండదని. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే కదా. ఏది రాయించమంటారు?

అమలాపురం వాసు: ఐఈఎల్‌టీఎస్సేనండి. గడువు లేదన్నది కేంబ్రిడ్జి వాళ్ల మాట. యూనివర్సిటీ ఈమధ్య రాసిందే కావాలంటే పాతది బీరువాలో పెట్టుకోవడమే. పైగా బ్రిటన్ వీసాకి ప్రభుత్వం ఒప్పుకునే పరీక్షల జాబితాలో సీ1 అడ్వాన్స్‌డ్ లేదు. డిగ్రీ స్థాయి కోర్సులకు యూనివర్సిటీయే ఇంగ్లీషు స్థాయి చూసుకుని తీసుకోవచ్చు గానీ, తీసుకుంటామని వాళ్లు ముందే చెప్పాలి.

తణుకు మాస్టారు: వాసు గారూ, కాగితం వరకు మీదే రైటు. కానీ ఆ పిల్ల అక్కడికెళ్లి క్లాసులో కూర్చోవాలి కదా! నేను రెండింటికీ చెప్తాను. ఐఈఎల్‌టీఎస్ వ్యాసానికి మనవైపు చాలాచోట్ల నాలుగు పేరాలు బట్టీ పట్టించి, టాపిక్ మాత్రం మార్చుకోమంటారు. సీ1లో రీడింగ్ పేపరుకే 56 ప్రశ్నలు, గంటన్నర టైము. ఒక భాగంలో వాక్యమూ ఒక పదమూ ఇస్తారు. ఆ పదాన్ని మార్చకుండా, దానితో కలిపి మూడు నుంచి ఆరు పదాల్లో అదే అర్థం వచ్చేలా రెండో వాక్యం పూర్తి చేయాలి. ఇంటర్‌లో వందకి తొంభై తెచ్చుకున్న వాళ్లు కూడా ఇక్కడ తెల్లమొహం వేస్తారు.

స్పీకింగ్ మామూలుగా ఇద్దరికి కలిపి పెడతారు, పావుగంట. ఎదుటివాళ్లు చెప్పింది విని, అందుకుని మాట్లాడటానికీ మార్కులుంటాయి. అరుగు మీద కూర్చుంటే ఒకరి మాట ఒకరు పూర్తి కానివ్వని మనకు అసలు కష్టం అదే!

నరసాపురం సుధ: జతగా వచ్చినవాళ్లు నోరు విప్పకపోతే మన గతేంటి మాస్టారూ? టెన్షన్ కదా.

తణుకు మాస్టారు: ఎవరి మార్కులు వాళ్లవేనమ్మా. వాళ్లని ఓ ప్రశ్న అడిగి మాటల్లోకి దింపితే మీకే మంచిది. ఇంకో మాట, సీ1 సర్టిఫికెట్‌కి కావలసిన 180 స్కోరుకి తగ్గితే చేతికేమీ రాదనుకోకండి. 160 నుంచి 179 వస్తే ఒక మెట్టు కిందిదైన బీ2 స్థాయి సర్టిఫికెట్ ఇస్తారు.

అమలాపురం వాసు: అయితే సీ1 పుస్తకంతో చదివి ఐఈఎల్‌టీఎస్ రాస్తే సరి. రెండు ఫీజులెందుకు?

తణుకు మాస్టారు: పరీక్ష లేకపోతే పుస్తకం తెరిచేదెవరండీ? ఫీజు కట్టాకే మనవాళ్లకి చదువు గుర్తొచ్చేది.

అమలాపురం వాసు: అది మీ స్టూడెంట్ల సంగతి. ఈయన అడిగింది సీటు గురించి. ముందు ఏయే యూనివర్సిటీలో చెప్పమనండి.

పాలకొల్లు నాన్న: ఐర్లండ్‌లో రెండు, ఆస్ట్రేలియాలో ఒకటి అనుకుంటోంది. ముగ్గురికీ మెయిల్ పెట్టి అడుగుతాం. ఏమని అడగాలో ఎవరైనా ఇంగ్లీషులో రాసిపెడతారా?

తణుకు మాస్టారు: అమ్మాయినే రాయమనండి, ఆయ్.