గ్యాస్ డిటెక్టర్ 50కి 46 చూపిస్తే సరిచేయాలా, వదిలేయాలా?

కొత్తగా_చేరా
అందరికీ నమస్తే. పరవాడ వైపు ఒక ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేరాను, కాంట్రాక్ట్ మీద. నిన్న సీనియర్‌తో ఎల్ఈఎల్ డిటెక్టర్ (గ్యాస్ గాలిలో అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో ఎంత శాతం చేరిందో చూపేది) కాలిబ్రేషన్‌కి వెళ్లాను, క్యాటలిటిక్ రకం, అంటే గ్యాస్‌ని చిన్న పూస (బీడ్) మీద కాల్చి కొలిచేది. గ్యాస్ లేనప్పుడు జీరో బాగానే ఉంది. క్యాప్ బిగించి 50 శాతం ఎల్ఈఎల్ మీథేన్ వదిలితే అంకె 38, 42, 45 అంటూ ఎక్కి 46 దగ్గర ఆగిపోయింది. సీనియర్ మాగ్నెట్‌తో మెనూ తెరిచి స్పాన్‌ని, అంటే గ్యాస్ పెట్టినప్పుడు చూపే అంకెని, 50కి తెచ్చేసి పదరా అన్నాడు. ప్రొసీజర్‌లో చూస్తే, పెట్టిన గ్యాస్‌కి 10 శాతం అటూ ఇటూ అయితే పాస్, ముట్టుకోవద్దు అని ఉంది. ఏది కరెక్ట్?

పాత_చేయి
మీ సీనియర్‌దే కరెక్ట్. పర్మిట్ తీసుకున్నావు, టెస్ట్ గ్యాస్‌కి ప్లాంట్ ఆగిపోకుండా బైపాస్ పెట్టించావు, గ్యాస్ వదిలావు. ఇంకో రెండు నిమిషాల పనికి బద్ధకమా? తేడా కళ్ల ముందు కనిపిస్తుంటే పాస్ అని రాసి వచ్చేయడం ఏం పని?

జుబేల్_నుంచి
ముట్టుకోకూడదు. ఆ 46 డిటెక్టర్ తప్పో, నీ చేతిలో సామాను తప్పో నీకెలా తెలుసు? గాలి గట్టిగా వీస్తుంటే క్యాప్ సందులోంచి దూరి గ్యాస్‌ని పలచన చేస్తుంది. రెగ్యులేటర్ నిమిషానికి అర లీటరు ఇవ్వాల్సింది ఇవ్వట్లేదేమో. గ్యాస్ లోపలికి దూరే జల్లెడ లాంటి సింటర్ మీద పెయింటర్లు రంగు కొట్టేసి పోయిన డిటెక్టర్లు కూడా చూశాను నేను. ఇవన్నీ తీసుకెళ్లి స్పాన్‌లో కలిపేస్తే ఇక ఆ రీడింగ్‌కి అర్థం లేదు. పైగా క్యాటలిటిక్ బీడ్‌కి సిలికాన్ పడదు, పక్కన ఎవడో స్ప్రే కొట్టినా దెబ్బతింటుంది. ప్రతి క్వార్టర్‌కీ 46ని 50, 43ని 50 చేసుకుంటూ పోతే అది చచ్చేదాకా కాగితం మీద బాగానే ఉంటుంది.

పాత_చేయి
స్పాన్ ఇక పెరగకపోతే డిటెక్టరే ఫెయిల్ అని చూపిస్తుంది, సెన్సార్ మారుస్తాం. గాలి వీస్తే క్యాప్ చేత్తో అదిమి పట్టుకుంటాం. ఇవి మాకు తెలియనివి కావు గురూగారూ.

వోల్టేజ్_బాబాయ్
ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) డిటెక్టర్లు పెట్టుకుంటే ఈ గోలే ఉండదు కదా.

జుబేల్_నుంచి
ఐఆర్‌కి హైడ్రోజన్ కనపడదు బాబాయ్.

లెక్కల_మనిషి
ఒక్క నిమిషం. తమ్ముడూ, సిలిండర్ లేబుల్ మీద మీథేన్ వాల్యూమ్ ఎంతని ఉంది? 2.5 శాతమా, 2.2 శాతమా? డిటెక్టర్ మెనూలో ఏం పెట్టారు?

కొత్తగా_చేరా
ఇప్పుడే వెళ్లి చూశాను సార్. లేబుల్ మీద 2.2 శాతం మీథేన్, మిగతాది గాలి, 50 శాతం ఎల్ఈఎల్ అని ఉంది. మెనూలో మాత్రం 100 శాతం ఎల్ఈఎల్ అంటే 5 శాతం వాల్యూమ్ అని ఉంది.

లెక్కల_మనిషి
అనుకున్నాను. ఐఈసీ 60079-20-1 అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కలో మీథేన్ ఎల్ఈఎల్ 4.4 శాతం, అమెరికా వాళ్ల లెక్కలో 5. మీ సిలిండర్ ఒక లెక్కది, డిటెక్టర్ ఇంకో లెక్కది. 2.2ని 5తో భాగిస్తే 44 శాతం రావాలి. 46 వచ్చిందంటే మీ డిటెక్టర్ తక్కువ కాదు, రెండు ఎక్కువే చూపించింది. దాన్ని ఇంకా పైకి లాగారు.

పాత_చేయి
ఎక్కువ చూపిస్తే ఏం కొంప మునిగింది? అలారం ముందే మోగుతుంది. మంచిదే కదా.

లెక్కల_మనిషి
ఆ ఒక్కదానివరకూ మంచిదే. పక్కదాన్ని రేపు 2.5 సిలిండర్‌తో చేస్తే? మూడు డిటెక్టర్లలో రెండు గ్యాస్ చూపిస్తే ప్లాంట్ ట్రిప్ కొట్టి ఆగిపోయే చోట ఒక్కోటి ఒక్కో కొలబద్దతో కూర్చుంటాయి. ముందు సిలిండరైనా మార్చాలి, మెనూ అయినా మార్చాలి, అదీ అన్నిటికీ ఒకేసారి.

సేఫ్టీ_జాకెట్
విశాఖలో 2020 మే 7న గ్యాస్ లీకై 12 మంది పోయారు. మీరు 44, 46 అని కొట్టుకుంటున్నారు.

జుబేల్_నుంచి
అది ట్యాంకులో స్టైరీన్ వేడెక్కి పాలిమరైజ్ అయిన కేసు. దానికీ స్పాన్‌కీ ఏం సంబంధం? ప్రతి చర్చలోకీ దాన్ని లాక్కురాకండి.

సరే, పాత_చేయి గారిని సూటిగా ఒకటి అడుగుతా. సర్దకముందు వచ్చిన రీడింగ్ మీ షీట్‌లో రాస్తారా? పోయిన ఏడాది ఇండియా వచ్చినప్పుడు ఒక ప్లాంట్ ఫైలు చూశాను. పై నుంచి కింద దాకా 50, 50, 50. ఒక్కటంటే ఒక్క డిటెక్టర్ 49 చూపించిన పాపాన పోలేదు. అవి ఫీల్డ్‌లో రాసినవి కాదు, కుర్చీలో కూర్చుని రాసినవి.

పాత_చేయి
ఎవర్నండీ అంటున్నారు? ఎండలో నిచ్చెనెక్కి క్యాప్ పట్టుకునేవాణ్ణి నేను. అక్కడ కూర్చుని నీతులు చెప్పడం తేలికే. ఇక్కడ ప్రొడక్షన్ వాళ్లు బైపాస్ ఇచ్చేదే భోజనాల వేళ దాకా, ఆ లోపు వరస మొత్తం అయిపోవాలి. కాంట్రాక్టర్‌కి డిటెక్టర్ లెక్కన బిల్లు, మాకు రోజు లెక్కన డబ్బులు. మాతో పనిచేసిన ఒక కుర్రాడు హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు) డిటెక్టర్‌కి 25 పీపీఎం పెడితే 9 దగ్గర ఆగిందని ఉన్నదున్నట్టు రాశాడు. భుజం తట్టారనుకున్నారా? పోయిన క్వార్టర్ పాస్ అని సంతకం పెట్టిందెవరు, ఇన్నాళ్లూ ప్లాంట్ ఎలా నడిపారు అని ఆడిట్‌లో అడుగుతారట, షీట్ మార్చి రాయమన్నారు. రాయనన్నాడు. నెలాఖరుకి గేట్ పాస్ రెన్యూ కాలేదు, కారణం చెప్పే దిక్కు లేదు. ఇప్పుడు అనకాపల్లిలో సీసీ కెమెరాలు బిగించుకుంటున్నాడు. అందుకే మేం 50 రాస్తాం, సరదాకి కాదు.

జుబేల్_నుంచి
ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే నేనిలా మాట్లాడేవాణ్ణి కాదు. కానీ అన్నా, 9 చూపించే డిటెక్టర్ కింద నిలబడేదీ మన కుర్రాళ్లే కదా. హెచ్2ఎస్ 100 పీపీఎం దగ్గరికొస్తే ముక్కు కూడా మొద్దుబారిపోతుంది, వాసన తెలీదు.

పాత_చేయి
దాన్ని 9 దగ్గర వదిలేసి రాలేదు. సెన్సార్ మార్చి 25 చూపించాకే దిగాం. మొదటి అంకె ఒక్కటే షీట్‌లో లేదు. డిటెక్టర్ బాగుపడిందా లేదా?

జుబేల్_నుంచి
ఆ ఒక్కటి బాగుపడింది. దాంతోపాటు బిగించిన మిగతావాటి సంగతి? మూడు నెలలకోసారి చాలా, నెలకోసారి చూడాలా అన్నది ఆ 9ని బట్టే తేలుతుంది. అది చింపేశాక మళ్లీ మూడు నెలలే.

పాత_చేయి
నెలకోసారి అంటే బైపాస్ మీరొచ్చి ఇప్పిస్తారా?

కొత్తగా_చేరా
సార్, మా షీట్ ఇప్పుడే తీసి చూశాను. సర్దకముందు రీడింగ్‌కి కాలమే లేదు, అచ్చులో ఒక్కటే గడి ఉంది. నిన్నటిదానికి పక్కన ఖాళీలో పెన్నుతో 46 అని, సిలిండర్ 2.2 అని రాద్దామనుకుంటున్నా.

పాత_చేయి
రాయి. రాశాక దాని కింద మీ షిఫ్ట్ ఇంజనీర్ సంతకం పెడతాడో లేదో వచ్చి చెప్పు.