హెడ్ క్లీనింగ్‌కి తెలుగు క్రియ: తుడవాలా, రుద్దాలా, ఆనించాలా?

ప్రశ్న: పాత కేసెట్ డెక్కులు, వీసీఆర్ల నిర్వహణ సూచనలు తెలుగులో రాస్తున్నాం. అన్నిచోట్లా "శుభ్రపరచండి" అనే పడుతోంది. సరిపోతుందంటారా?

సరిపోదండీ. చెయ్యి ఎలా కదలాలో ఆ మాట చెప్పదు. కేసెట్ హెడ్‌కైతే, అంటే టేపుకి ఆని అందులోని శబ్దాన్ని చదివే భాగానికైతే, "తుడవండి" అనాలి. దూదిపుల్లను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తేమ చేసి, టేపు నడిచే దారి వెంబడే తుడవాలి. పుల్లకి గోధుమరంగు అంటడం మానేదాకా పుల్లలు మారుస్తూ ఉండాలి. ఆ రంగు టేపు నుంచి రాలిన ఐరన్ ఆక్సైడ్. అది పేరుకుంటే టేపు హెడ్‌కి ఆనదు, ముందుగా పోయేది సన్నని స్వరాలే.

"స్పిరిట్" అని మాత్రం రాయకండి. మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ చేతిలో పెడతారు. శానిటైజరైతే మరీ ప్రమాదం, అందులోని గ్లిసరిన్ హెడ్ మీద జిడ్డుగా మిగిలిపోతుంది.

వీసీఆర్‌లో హెడ్లు అమర్చి ఉండే, గుండ్రంగా తిరిగే డ్రమ్ము దగ్గర "తుడవండి" కూడా తప్పే. దూది పోగు హెడ్ కొనకి చిక్కుకుంటుంది. పుల్లను పైకీ కిందికీ కదిపితే పెళుసైన ఫెర్రైట్ (అయస్కాంత పదార్థం) కొన విరుగుతుంది, ఇక హెడ్ పోయినట్టే. ప్లగ్ తీసేశాక, మెత్తటి తోలు చుట్టిన పుల్లను ఆల్కహాల్‌తో తడిపి కదలకుండా పట్టుకోవాలి. తిరగాల్సింది డ్రమ్ము. దాన్ని పైఅంచు పట్టుకుని వేలితో నెమ్మదిగా తిప్పాలి. కాబట్టి "ఆనించి, డ్రమ్ము తిప్పండి" అని రాయండి.

ప్రశ్న: మరి టేపును నొక్కిపట్టి ముందుకు నడిపే పించ్ రోలర్‌కి?

అక్కడ "రుద్దండి" సరైన మాట. అది రబ్బరు. ఆల్కహాల్ పదేపదే తగిలితే గట్టిపడి పగుళ్ళిస్తుంది. తేలికపాటి సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో నలుపు వదిలేదాకా రుద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. తడి రోలర్ టేపును చుట్టేసుకుంటుంది.

హార్డ్ డిస్కుకి ఒక్కటే క్రియ, "తెరవకండి". హెడ్‌కీ పళ్ళేనికీ మధ్య ఎడం నానోమీటర్లలో ఉంటుంది, కంటికి కనపడని ధూళికణం కూడా అందులో పట్టదు.

హెడ్‌లో చేరిన అయస్కాంతత్వాన్ని పోగొట్టే డీమాగ్నటైజర్ దగ్గర క్త్వార్థకం ("ఆపి", "తీసి" లాంటి రూపాలు) వరస చూసుకోండి. డెక్కు ఆపి, కేసెట్లు దూరంగా పెట్టి, పరికరాన్ని రెండు మూడడుగుల దూరంలో ఆన్ చేసి, మెల్లగా హెడ్ దగ్గరికి తెచ్చి, అంతే మెల్లగా అంత దూరమూ వెనక్కి తీసుకెళ్ళి, అప్పుడు ఆపాలి. "ఆపి తీయండి" అని రాస్తే, దగ్గరుండగానే కరెంటు ఆగి హెడ్‌లో అయస్కాంతత్వం నిలిచిపోతుంది. "తీసి ఆపండి" అని రాయండి.