చాంగీలో ఉద్యోగం, టీమంతా తమిళవాళ్లే: సింగపూర్ సంగతులు కాస్త చెబుతారా?

అన్నయ్యలకు, అక్కయ్యలకు నమస్కారం. మాది ఖమ్మం, ప్రస్తుతం హైదరాబాద్‌లో జావా డెవలపర్‌ని. చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ప్రాజెక్టుకి వెండర్ పేరోల్ మీద (అంటే జీతం ఇచ్చేది బ్యాంకు కాదు, మధ్యలో ఉన్న కంపెనీ) ఆఫర్ వచ్చింది, వచ్చే నెలలో చేరాలి. ముందు నేనొక్కడినే వచ్చి, కుదురుకున్నాక నా భార్యను, నాలుగేళ్ల పాపను తీసుకొద్దామని అనుకుంటున్నాం. ఇంటర్వ్యూలో మాట్లాడినవాళ్లంతా తమిళవాళ్లే, టీమ్ కూడా దాదాపు అంతేనట. నాకు తమిళం ఒక్క ముక్క రాదు. వాళ్ల సినిమాలు చూస్తాను గానీ అన్నీ డబ్బింగే. నన్ను పక్కన పెట్టేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. రూమ్, ట్యాక్స్ సంగతులు కూడా ఎవరైనా చెబితే మేలు.

బెడోక్ నుంచి జవాబు:

తమ్ముడూ, ముందు భాష సంగతే చెబుతాను. మిగతావి ఎవరిని అడిగినా తెలుస్తాయి, ఇది మాత్రం ఇక్కడ ఉన్నవాళ్లే చెప్పాలి.

తమిళం ఇక్కడ అధికార భాష. ఇంగ్లీషు, మలయ్, మాండరిన్‌తో పాటు నాలుగోది. ఎమ్మార్టీ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్‌లో హెచ్చరిక బోర్డు మీద ఉంటుంది, బళ్లో పిల్లలకు చెబుతారు, టీవీలో, రేడియోలో రోజంతా వినిపిస్తుంది. మనలా ఉద్యోగానికి వచ్చిన తమిళవాళ్లు వేరు, మూడు నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు వేరు. ఇద్దరూ నీకు రోజూ తగులుతారు. కాబట్టి తమిళం నీ టీమ్ గొడవ మాత్రమే అనుకోకు, అది ఈ ఊరి భాష. నాలుగు ముక్కలు వస్తే కూరగాయల కొట్టు దగ్గర్నుంచి గుడి దాకా అన్నిచోట్లా పనికొస్తుంది.

ఆఫీసులో పని అంతా ఇంగ్లీషులోనే. స్టాండప్, డిజైన్ రివ్యూ, కోడ్ రివ్యూ ఏదైనా సరే, అక్కడ నిన్నెవరూ పక్కన పెట్టరు. తేడా తెలిసేది మధ్యాహ్నం భోజనం దగ్గర. పన్నెండు కొట్టగానే ఆరేడుగురు కలిసి ఫుడ్ కోర్టుకు బయల్దేరతారు. ట్రేలు పెట్టి కూర్చోగానే మాట తమిళంలోకి వెళ్లిపోతుంది. అందులో సగం సినిమా కబుర్లే. పెద్ద హీరో సినిమా వస్తోందంటే ఆ వారమంతా అదే. మిగతా సగం మాత్రం నీకు చాలా అవసరమైన సమాచారం. రిలీజ్ డేట్ ఎందుకు జరిగింది, ఏ టీమ్‌లో ఖాళీ వస్తోంది, వచ్చే ఏడాది బడ్జెట్ ఎవరికి తగ్గుతోంది, ఇవన్నీ మెయిల్లో రాకముందు ఆ టేబుల్ దగ్గరే తెలుస్తాయి. కాంట్రాక్టు మీద ఉన్నవాడు అక్కడ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే నష్టం అతనికే.

మనవాళ్లు చాలామంది చేసే పని ఏమిటంటే, వారం తిరక్కుండానే ఇంకో ఇద్దరు తెలుగువాళ్లను వెతుక్కుని వేరే టేబుల్‌కు వెళ్లిపోవడం. అలా చెయ్యొద్దు. తెలుగువాళ్లకు శని, ఆదివారాలు ఉన్నాయి. మధ్యాహ్నం భోజనం మాత్రం టీమ్‌తోనే చెయ్యి. మాట తమిళంలోకి వెళ్తే, "నాకు అర్థం కాలేదు, ఏమన్నారు?" అని నవ్వుతూ అడుగు. కావాలని చేసేది కాదది, గుర్తుచేస్తే వెంటనే ఇంగ్లీషులోకి వస్తారు.

ఇక సినిమా. వాళ్లతో కలిసి హాలుకు వెళ్లు. ఇక్కడ తమిళ సినిమా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో ఆడుతుంది. డబ్బింగ్ మానేసి అసలుది చూడు. మొదట్లో కళ్లన్నీ కింద అక్షరాల మీదే ఉంటాయి. కొన్నాళ్లు పోయాక అక్షరాలు పడకముందే నవ్వొస్తుంది, చెవి పట్టుకుందన్నమాట. అర్థంకాని సీన్ ఉంటే మర్నాడు భోజనం దగ్గర అడుగు. మదురై వాళ్లు ఎలా అంటారు, కోయంబత్తూరులో ఎలా అంటారు, ఉత్తర చెన్నైలో ఎలా అంటారు, పోటీపడి చెబుతారు. మా టీమ్‌లో ఒక సీనియర్ ఉండేవారు, రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన మనిషి. బాలచందర్ 1979లో కమల్, రజనీలతో ఒకే కథను తమిళంలో నినైత్తాలే ఇనిక్కుం, తెలుగులో అందమైన అనుభవం అని తీశారు. షూటింగ్ ఈ సింగపూర్‌లోనే. ఒక రాత్రి ఆఫీసులో ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ (కొత్త కోడ్‌ను అసలు సిస్టమ్‌లోకి ఎక్కించే పని) నడుస్తుండగా ఆయన అందులో పాట తమిళంలో ఎత్తుకుంటే నేను తెలుగులో అందుకున్నాను. ఎమ్మెస్ విశ్వనాథన్ బాణీ ఒకటే కదా. ఆ తర్వాత ఆయన నా సందేహం దేనికీ "తర్వాత చూద్దాం" అనలేదు. పాత మద్రాసు స్టూడియోల్లో మన సినిమా, వాళ్ల సినిమా పక్కపక్క ఫ్లోర్లలో తయారయ్యాయి. ఆ చుట్టరికం వాళ్లకూ గుర్తుంది.

రూమ్ విషయం. ఆఫీసు ఎక్స్‌పో స్టేషన్ దగ్గర కాబట్టి సిమెయ్, టాంపినీస్, బెడోక్ చూసుకో. ఎక్స్‌పోలో డౌన్‌టౌన్ లైన్ ఎక్కితే రైలు మారకుండా మన ఇండియా కొట్లుండే లిటిల్ ఇండియాలో దిగొచ్చు, సరుకులకు అదే దారి. ఆదివారం సాయంత్రం అక్కడి సెరంగూన్ రోడ్డు కిక్కిరిసిపోతుంది, శనివారం పొద్దున్నే టెక్కా మార్కెట్‌కు వెళ్తే గోంగూర, మునక్కాయలు తాజాగా దొరుకుతాయి. హెచ్‌డీబీ (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) కట్టిన ఇంట్లో రూమ్ అయితే ఆరు నెలలకు తక్కువ అద్దెకివ్వడానికి వీల్లేదు, ఓనర్ హెచ్‌డీబీ అనుమతి తీసుకుని ఉండాలి. వంట సంగతి మాత్రం అగ్రిమెంట్‌లోనే రాయించు. "లైట్ కుకింగ్" అని రాసి ఉంటే చాలా ఇళ్లలో నూడుల్స్, గుడ్డు వరకే. ఇంగువ పోపు వేసిన రోజే గొడవ మొదలవుతుంది. పప్పు, పోపు, చేపల పులుసు వండుకుంటానని ముందే చెప్పి, సరేనన్న ఇల్లే తీసుకో.

జురాంగ్ నుంచి జవాబు:

పై అన్నయ్య చెప్పినదానికి డబ్బు సంగతి కలుపుతున్నాను. ఇక్కడ నెలనెలా జీతంలో ట్యాక్స్ పట్టుకోరు. జనవరి నుంచి డిసెంబరు దాకా సంపాదించినదానికి మరుసటి ఏడాది ఏప్రిల్ 18 లోపు ఆన్‌లైన్‌లో రిటర్న్ వేసి, తర్వాత కట్టాలి. జైరో (బ్యాంకు ఖాతా నుంచి దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) పెట్టుకుంటే వడ్డీ లేకుండా 12 వాయిదాల్లో కట్టొచ్చు. చేతికొచ్చిన జీతమంతా మనదే అనుకుని ఊళ్లో ప్లాట్‌కు పంపేస్తే ఆ టైముకి ఇబ్బంది పడతారు. ఈపీ (ఎంప్లాయ్‌మెంట్ పాస్, మనలాంటివాళ్లకు ఇక్కడ ఉద్యోగం చెయ్యడానికిచ్చే అనుమతి) మీద ఉన్నవాళ్లకు సీపీఎఫ్ ఉండదు, అంటే మన పీఎఫ్ లాంటిది ఏదీ జమ కాదు.

వెండర్ పేరోల్ అన్నారు కాబట్టి ఇంకో మాట. మీ ఈపీకి అప్లై చేసిన కంపెనీకే అది చెల్లుతుంది. రేపు బ్యాంకు వాళ్లే నేరుగా తీసుకున్నా కొత్త ఈపీకి అప్లై చెయ్యాల్సిందే. ఉద్యోగం మారినప్పుడు ట్యాక్స్ క్లియరెన్స్ అయ్యేదాకా పాత కంపెనీ చివరి జీతం ఆపి ఉంచుతుంది, అది రూల్. రెండు నెలల ఖర్చు ఎప్పుడూ పక్కన పెట్టుకోండి.

సెంగ్‌కాంగ్ నుంచి జవాబు:

మీరు ఫ్యామిలీని తెస్తానన్నారు కాబట్టి రాస్తున్నాను. భార్యాపిల్లలు మీతో ఉండటానికిచ్చే డిపెండెంట్ పాస్ (డీపీ) రావాలంటే మీ నెల ఫిక్స్‌డ్ జీతం కనీసం 6,000 సింగపూర్ డాలర్లు ఉండాలి. ఈపీకి కావాల్సిన కనీస జీతం 2025 జనవరి నుంచి 5,600, వయసును బట్టి పెరుగుతుంది. అంటే మీకు ఈపీ వచ్చినంత మాత్రాన భార్యకు, పాపకు డీపీ వస్తుందని కాదు. రెండోది, 2021 మే నుంచి డీపీ మీద ఉన్నవాళ్లు ఉద్యోగం చెయ్యాలంటే వాళ్లకు విడిగా వర్క్ పాస్ ఉండాలి. మీ ఆవిడ కూడా ఉద్యోగస్తురాలైతే, అక్కడ రాజీనామా చెయ్యకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. వచ్చాక తెలిసి ఇంట్లో కుమిలిపోయిన అమ్మాయిలను నేను చూశాను, నాకు చాలా బాధనిపిస్తుంది.

పాపతో సినిమాకు వెళ్లేటప్పుడు రేటింగ్ చూడండి. ఇండియాలో పిల్లలతో చూడగలిగిన తమిళ యాక్షన్ సినిమాకు ఇక్కడ ఎన్‌సీ16 పడొచ్చు. అది పడితే పదహారేళ్లలోపు పిల్లలను తల్లిదండ్రులు పక్కనున్నా లోపలికి రానివ్వరు. పీజీ అని ఉంటే నిశ్చింతగా వెళ్లండి.

ఇక్కడ దీపావళికి సెలవు ఉంటుంది, ఉగాదికి ఉండదు. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం ఉగాది జరుపుతుంది, పాప వచ్చాక అక్కడ తెలుగు పిల్లలు కలుస్తారు. ముందు మీ ఆఫర్ లెటర్‌లో ఫిక్స్‌డ్ ఎంత, అలవెన్సు ఎంత, బోనస్ ఎంత అని విడిగా రాశారేమో చూడండి. డీపీకి లెక్కలోకి వచ్చేది ఫిక్స్‌డ్ మాత్రమే, అంటే బేసిక్, దానితో పాటు నెలనెలా మారకుండా వచ్చే అలవెన్సు. అది 6,000 కంటే తక్కువైతే సంతకం పెట్టకముందే వెండర్‌ను అడగండి, చేరాక అడిగితే ఎవరూ మార్చరు.