రోరస్‌లో కారు లేకుండా ఓలావ్స్ గనికి వెళ్లి రావడం ఎలా?

నార్వేలోని రోరస్‌కి ఫిబ్రవరిలో ఇద్దరం వెళ్తున్నాం. ట్రోండ్‌హైమ్ నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు. పాత చెక్క ఇళ్లు, 1784 నాటి చర్చి, రాగి కరిగించిన కొలిమి మ్యూజియం, చిట్టెపు (రాగి కరిగించగా మిగిలిన వ్యర్థాల) గుట్టలు అన్నీ స్టేషన్ నుంచి నడిచి చూసేంత దూరంలోనే ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు.

చిక్కల్లా ఓలావ్స్ అనే పాత రాగి గనితోనే. అది ఊరికి 13 కిలోమీటర్లు. గైడ్‌తోనే లోపలికి వెళ్లాలి. మాకు శనివారం మధ్యాహ్నం 3 గంటల టూర్ కుదిరింది. బయటికి వచ్చాక ఎక్కువసేపు వెలుతురు ఉండదు, చలి మైనస్ 20 దాకా పోవచ్చు. (లోపల ఏడాది పొడవునా 5 డిగ్రీలే, అదే నయం!)

ప్రయాణ ప్లానర్ యాప్‌లో గని పేరుతోనూ, దగ్గర్లోని రోడ్డు పేరుతోనూ వెతికాను. ఆ రోజుకి బస్సేమీ చూపలేదు. ఒక టాక్సీ సంస్థకు రాస్తే, తీసుకెళ్తాం గానీ తిరుగు ప్రయాణానికి బండి ఉంటుందని మాట ఇవ్వలేమన్నారు. 1854 నుంచి జరుగుతున్న రోరస్ మార్ట్‌నన్ సంత ఆ వారమే. ఫిబ్రవరి చివరి నుంచి రెండో మంగళవారం మొదలై ఐదు రోజులు సాగుతుంది కాబట్టి బళ్లకు గిరాకీ ఎక్కువ. కారు అద్దెకు తీసుకోవచ్చు గానీ, గడ్డకట్టిన రోడ్డు మీద నడిపిన అనుభవం ఇద్దరికీ లేదు. నడక మూడు గంటలు, దారిలోనే చీకటి పడుతుంది, అది అనవసరపు సాహసం.

సంత వారంలో కారు లేకుండా గనికి వెళ్లినవాళ్లు, టూర్ అయ్యాక ఊళ్లోకి తిరిగి ఎలా వచ్చారు?