బ్లౌజు మెడకు పూసల కుట్టు: మగ్గం లేకుండా మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: బ్లౌజు మెడ చుట్టూ పూసలు కుట్టడం నేర్చుకోవాలి. మగ్గం (బట్ట బిగించే చట్రం), ఆరి సూది (కొక్కెం మొన ఉండే సూది) లేవు. చేతి సూదితో అవుతుందాండీ? ఏమేం కొనాలి?

జవాబు: శుభ్రంగా అవుతుందండీ. 11 నంబరు గాజు పూసలు (సుమారు 2 మి.మీ.), 10 నంబరు బీడింగ్ సూది, బట్ట రంగు నైలాన్ దారం, బట్ట బిగించడానికి 6 అంగుళాల రింగు చాలు. మామూలు సూది కన్ను దగ్గర లావు, పూసలో ఇరుక్కుంటుంది. బలవంతంగా లాగితే పూస పగులుతుంది.

గీత గీసి, సూది పైకి తీసి 3 పూసలు ఎక్కించండి. గీత మీద పడుకోబెట్టి మూడో పూస అంచునే సూది దించండి. మళ్ళీ ఒకటికీ రెండుకీ మధ్య పైకి వచ్చి, రెండు, మూడు పూసల్లోంచి ఇంకోసారి దూర్చండి. ఇది మానేస్తే వరస వంకర్లు పోతుంది.

మరో జవాబు: 5 అంగుళాలకోసారి వెనక ముడి వేయండి, లేకపోతే దారం ఒక్కచోట తెగినా వరసంతా రాలుతుంది. పైపు పూసల అంచులు దారాన్ని కోసేస్తాయి. వాటికి రెండు పక్కలా ఒక్కో గుండ్రటి పూస పెట్టండి.

ప్రశ్న: రింగు తీశాక బట్ట ముడతలు పడుతోందండీ?

జవాబు: దారం మరీ బిగించి లాగుతున్నారు. పూస బట్టకు ఆనగానే ఆపేయండి.