ఆల్చిప్ప చెప్పే సముద్రపు వేడిమిని నమ్మవచ్చా?

ఎనిమిదో తరగతి అమ్మ:
ఆదివారం మా అమ్మాయిని తార్నాకలో ఒక సైన్సు ప్రదర్శనకు తీసుకువెళ్లాను. కాకినాడ వైపు తవ్వకంలో దొరికిన ఆల్చిప్ప ఒకటి అక్కడ పెట్టారు. వయసు నాలుగు వేల ఏళ్లట. పక్కనున్న చీటీలో "ఇది పెరిగిన నాటి సముద్రపు నీటి వేడిమి 28.4 డిగ్రీలు" అని ఉంది. థర్మామీటరే లేని కాలపు వేడిమి ఎలా తెలిసిందని ఇంటికి వచ్చిన దగ్గరనుంచి అమ్మాయి అడుగుతోంది. ఇది కొలిచిన లెక్కా, ఊహా? తెలిసినవారు చెప్పండి.

గౌతమి:
కొలిచిన లెక్కేనమ్మా. చిప్ప అంటే కాల్షియం కార్బొనేట్. అందులోని ఆక్సిజన్ చుట్టూ ఉన్న నీటినుంచే వస్తుంది. ఆక్సిజన్ పరమాణువుల్లో ఎక్కువ భాగం 16 భారం ఉన్నవి. వెయ్యింట రెండు వంతులు మాత్రం 18 భారం ఉన్నవి. నీరు చల్లబడేకొద్దీ చిప్పలో ఆ బరువైన ఆక్సిజన్ పాలు పెరుగుతుంది. ఈ సంగతిని రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ 1947లో లెక్కగట్టి చూపారు. తర్వాత ఆయన బృందంలోని ఎప్‌స్టీన్ తదితరులు తెలిసిన వేడిమిలో పెరిగిన గుల్లలను పరీక్షించి 1953 నాటికి ఒక సూత్రం ఇచ్చారు. చిప్పను కొద్దిగా గీకి, ఆ పొడిని ఫాస్ఫారిక్ ఆమ్లంలో కరిగించి, వచ్చే వాయువును మాస్ స్పెక్ట్రోమీటరులో, అంటే అణువులను బరువును బట్టి వేరుచేసే యంత్రంలో, కొలుస్తారు. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచిది. నమ్మకంగా చెప్పండి.

నల్లరాయి:
28.4లో ఆ "పాయింట్ నాలుగు" ఎక్కడినుంచి వచ్చింది?

పత్తర్‌గట్టి:
మా దుకాణంలోని ముత్యాలు కూడా అదే పదార్థమంటారు. వాటినీ ఇలా పరీక్షించవచ్చా?

గౌతమి:
పత్తర్‌గట్టి గారూ, పదార్థం అదే. కానీ ఇప్పుడు అమ్ముడయ్యేవాటిలో చాలావరకు మంచినీటి ముత్యాలు. వాటికి సముద్రం సంగతి తెలియదు.

నల్లరాయి గారూ, ఇది డెబ్బై ఏళ్లుగా నిలబడిన పద్ధతి. ఎమిలియాని అనే శాస్త్రవేత్త 1955లో సముద్రపు అడుగు మట్టిలోని ఫొరామినిఫెరా (సముద్రంలో బతికే ఏకకణ జీవులు) గుల్లలతో మంచు యుగాల వరుసనే చూపించారు.

నల్లరాయి:
చరిత్ర అడగలేదు. పాయింట్ నాలుగు గురించి అడిగాను. ఆ చరిత్రలో మీరు వదిలేసిన భాగం కూడా ఉంది. మంచు యుగపు గుల్లలకూ ఇప్పటివాటికీ ఆక్సిజన్‌లో కనిపించిన తేడాలో ఎక్కువ భాగం వేడిమిదే అని ఎమిలియాని అనుకున్నారు. 1967లో షాకిల్టన్ అనే శాస్త్రవేత్త సముద్రపు అడుగున బతికే గుల్లలను చూశారు. అక్కడి నీరు ఇప్పటికే గడ్డకట్టేంత చల్లన, ఇంకా పెద్దగా చల్లబడే వీలు లేదు. అయినా తేడా దాదాపు అంతే వచ్చింది. అంటే మారింది ఎక్కువగా నీరే. తేలికైన ఆక్సిజన్ ధ్రువాల మంచులో చేరిపోయింది, బరువైనది సముద్రంలో మిగిలింది. చిప్ప ఒకే అంకె చెబుతుంది. అందులో నీటి వేడిమి ఎంతో, నీటి స్వభావం ఎంతో అది విడదీసి చెప్పదు.

గౌతమి:
నాలుగు వేల ఏళ్ల కిందట అంత మంచు లేదు. మీరు చెప్పినది ఇరవై వేల ఏళ్ల నాటి సంగతి.

నల్లరాయి:
మంచు లేదు, గోదావరి ఉంది. వానాకాలంలో వరద కలిస్తే కాకినాడ తీరంలో నీరు చప్పబడుతుంది. నదీజలంలో బరువైన ఆక్సిజన్ తక్కువ. చిప్పలో ఆ బరువైన ఆక్సిజన్ పాలు తనలో వెయ్యింట ఒక వంతు తగ్గితే సూత్రం దాన్ని నాలుగు డిగ్రీలకు పైగా వేడిమిగా చదువుతుంది. వరదను ఎండగా చదవడమే కదా అది! ఇక యంత్రం సంగతి. ఆ వెయ్యింట ఒక వంతులో పదో భాగం అటూ ఇటూ ఉండటం మామూలు. అదొక్కటే దాదాపు అర డిగ్రీ. మరి ఆ పాయింట్ నాలుగు ఎవరిది?

సున్నపు బట్టీ:
మా తాతగారిది తీరప్రాంతంలో గుల్ల సున్నం బట్టీ. పాత దిబ్బల్లో దొరికే చిప్పల్లో నిప్పు తగిలినవి చాలా ఉంటాయి. వేడికి లోపలి స్ఫటికమే మారిపోతుందని విన్నాను. ఆ పరీక్ష చేశారా?

గౌతమి:
సున్నపు బట్టీ గారూ, చేశారు. ఇలాంటి గుల్లల్లో చాలావాటి లోపలి పొర మొదట ఆరగొనైట్ అనే స్ఫటిక రూపంలో పెరుగుతుంది. నిప్పు తగిలినా, భూమిలో చెడినా అది కాల్సైట్ అనే మరో రూపం అవుతుంది. ఎక్స్ కిరణాల పరీక్షలో అది తేలిపోతుంది. మంచి ప్రశ్న.

నల్లరాయి గారికి: మీరు చెప్పినవన్నీ ఈ రంగంలో అందరికీ తెలిసినవే. వాటికి మార్గాలు కూడా కనిపెట్టారు. ఫొరామినిఫెరాలో మెగ్నీషియం పాలు వేడిమితో పాటు డిగ్రీకి సుమారు 9 శాతం పెరుగుతుంది. దానితో వేడిమి తీసి, మిగిలిన ఆక్సిజన్ తేడానుంచి ఉప్పదనం లెక్క వేస్తారు. బంగాళాఖాతంలో పాత రుతుపవనాల బలం తెలిసింది అలాగే. బరువైన కార్బన్, బరువైన ఆక్సిజన్ ఒకే అణువులో ఎంత తరచుగా జంటకడతాయో చూసే పద్ధతి 2006లో వచ్చింది. దానికి నీటి స్వభావంతో పనిలేదు. ఇవన్నీ తెలిసి కూడా మీరు ఒక్క దశాంశాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. ఇలాంటి మాటలు చదివే రేపు ఎవరో "భూమి వేడెక్కడం కూడా ఊహే" అంటారు. పిల్లల ముందు అనుమానం విత్తడం సులువు.

నల్లరాయి:
ఆ మాట వెనక్కి తీసుకోండి. భూమి వేడెక్కడం లేదని నేను ఎక్కడ అన్నాను?

మెగ్నీషియం సూత్రం ఫొరామినిఫెరాకు కుదిరినట్టు ఆల్చిప్పలకు కుదరదు. ఆ జీవి తన ఒంటి అవసరాన్ని బట్టి మెగ్నీషియాన్ని మారుస్తుంది. జంటల పద్ధతికి ఒక్కో నమూనాను ఎన్నోసార్లు కొలవాలి, అప్పుడు కూడా డిగ్రీలలోనే తేడా మిగులుతుంది. ప్రదర్శనలో ఉన్నది ఆల్చిప్ప. మీరు ఫొరామినిఫెరా గురించి చెబుతున్నారు.

నేను ఎందుకు వదలడం లేదో చెబుతాను. నేనూ ఒకప్పుడు పరిశోధన విద్యార్థినే. కాకినాడ తీరంలో ఇరవై చిప్పలు ఏరి, పెరుగుదల గీతల వెంబడి వరుసగా గీకి కొలిచాను. తొమ్మిదింటిలో వర్షాకాలపు భాగంలో బరువైన ఆక్సిజన్ పాలు తనలో వెయ్యింట రెండు వంతులు పడిపోయింది. సూత్రంలో వేస్తే దాదాపు 40 డిగ్రీలు. మా గురువుగారు "ఆ తొమ్మిది తీసెయ్, మిగతావి అందంగా ఉన్నాయి" అన్నారు. ఆ తొమ్మిదే గోదావరి వరదను చూసిన చిప్పలు అన్నాను. వినలేదు. పదకొండింటితో పట్టిక అచ్చయింది. నేను పరిశోధన మానేశాను. ఇప్పుడు ఈ నగరంలోనే ఒక మందుల కంపెనీ నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ హద్దు దాటిన ఒక్క ఫలితాన్ని కూడా కారణం రాయకుండా కొట్టివేయలేము.

ఎనిమిదో తరగతి అమ్మ:
అయ్యో, నా ప్రశ్న ఇంత దూరం వస్తుందనుకోలేదు. ఇద్దరూ శాంతించండి.

గౌతమి:
నా మాట వెనక్కి తీసుకుంటున్నాను, నల్లరాయి గారూ. అలా అనకూడదు.

ఇంకో సంగతి మొదటే చెప్పవలసింది. ఆ చీటీ రాసింది నేనే. మొదట "26 నుంచి 31 డిగ్రీల మధ్య" అని రాశాను. నిర్వాహకులలో ఒకరు "అయిదు డిగ్రీల తేడా పెడితే వీళ్లకే తెలియదనుకుంటారు" అన్నారు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ మాట ఎన్నిసార్లు పడ్డానో. హద్దులు చెప్పిన ప్రతిసారీ తరగతిలో ఎవరో "అయితే ఇదంతా ఉత్తదే కదా" అనేవారు. అందుకే నడుమ ఉన్న అంకె ఒక్కటే ఉంచాను. సూత్రం ఇచ్చింది 28.4, నేను కల్పించలేదు. కానీ పక్కన ఉండవలసింది తీసేశాను. నిశ్చయంగా చెబితేనే జనం వింటారని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

నల్లరాయి:
అక్కడే నాకూ మీకూ కుదరదండీ. మా గురువుగారూ అదే అనుకున్నారు. హద్దులు దాచి ఇచ్చిన అంకె తప్పని ఒక్కసారి బయటపడితే, దానితో పాటు నిజమైనవి కూడా పోతాయి. ఆ తొమ్మిది చిప్పల కొలతలు నా నోటుబుక్కులో ఇంకా ఉన్నాయి.

గౌతమి:
ఇక్కడ పెట్టండి. చూడాలని ఉంది.

ఎనిమిదో తరగతి అమ్మ:
ఇదంతా అమ్మాయికి చదివి వినిపించాను. తను ఒక్కటే అడిగింది: ప్రదర్శనలో ఉన్న చిప్పను ఏ నెలలో పెరిగిన చోట గీకారు?

గౌతమి:
మొత్తం మందాన్ని ఒకేసారి పొడి చేశామమ్మా. ఎండాకాలం, వానాకాలం అన్నీ అందులో కలిసిపోయాయి. చీటీ మీద ఆ మాట కూడా రాయించి, పాత హద్దులు మళ్లీ పెట్టిస్తాను.